దర్జీ ఏమన్నాడు

అక్టోబరు తొమ్మిదో తారీకు మధ్యాహ్నం పెద్ద డాక్టరు తిన్నది ఒక ఉడికించిన గుడ్డు, అదీ సగమే. మిగతా సగం డబ్బాలోనే ఎండిపోయింది. ఆ రోజు ఆయనకు అలాగే గుర్తుండిపోయింది.

శిక్షణకు వచ్చిన కుర్ర డాక్టర్లకు, జబ్బు ముదరక ముందే పట్టుకోవడం నేర్పడం ఆ చిన్న క్లినిక్కులో ఆయన పని. ప్రతి ఫైలులో ఒక పచ్చ కాగితం ఉంటుంది. బీపీ చూశారా, పొగ మానమన్నారా, పరీక్ష ఫలితం చెప్పారా అని వరసగా గళ్లు. రోజూ భోజనాల వేళ ఆయన చేతికందిన మూడు కాగితాలు లాగి, టిక్కు పెట్టిన గడి మీద వేలు ఆనించి ఒకటే అడుగుతాడు: రోగి ఏమన్నాడు?

అందుకే వాళ్లు చాటుగా ఆయన్ని "ఏమన్నాడు సార్" అంటారు. ఆయనకు తెలుసు. తెలియనట్టే ఉంటాడు.

"దర్జీకి మలపరీక్షలో రక్తం కనబడిందని చెప్పావు. ఏమన్నాడమ్మా?"

శిక్షణకు వచ్చిన చిన్న డాక్టరు ఆ రోజును తలుచుకుంది. దర్జీ మోకాలి నొప్పి గురించి అన్నవన్నీ ఆమెకు గుర్తున్నాయి. దీని గురించి ఒక్క ముక్క లేదు.

"సార్... ఆయన లోపలికి రాకముందే టిక్కులన్నీ పెట్టేశాను. టైం కలిసొస్తుందని. తర్వాత మోకాలి గొడవలో పడి..."

"ఎన్నాళ్లయింది?"

"పన్నెండు రోజులు."

ఆయన గుడ్డు కింద పెట్టేశాడు. తిట్టలేదు. చనిపోయిన తన భార్యకు ఆ పరీక్ష చేయించుకోమని తానూ చెప్పాననే అనుకున్నాడు ఒకప్పుడు. ఆమె ఏమందో ఇప్పటికీ గుర్తు రాదు, ఎంత తవ్వినా.

దర్జీ ఫోను ఎత్తలేదు. మూడింటికి ఎత్తలేదు, నాలుగింటికీ ఎత్తలేదు. చిన్న డాక్టరు రోగికీ రోగికీ మధ్య వచ్చి నంబరు నొక్కుతోంది. పెద్ద డాక్టరు కిటికీకీ కుర్చీకీ మధ్య తిరుగుతున్నాడు.

"కాసేపు కూర్చోండి సార్, నేల అరిగిపోతుంది," అంది నర్సు. అంటూనే ఫైలులోంచి దర్జీ చిరునామా కాగితం మీద రాసి ఆయన జేబులో పెట్టింది. అడగకుండా చేసిన ఆ సాయానికి ఆయన ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆరింటికి డాక్టర్లిద్దరూ దర్జీ ఇంటికి నడిచి వెళ్లారు. దారంతా చిన్న డాక్టరు రెండడుగులు ముందే ఉంది.

దర్జీ కొట్టు ఇంటి ముందు గదే. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. గోడవారన రెండు పెట్టెలు.

"డాక్టర్లే నడిచొచ్చారా!" దర్జీ నవ్వాడు. "అయితే నా మోకాళ్లు నయం. ఇక మీవి చూసుకోవాలి."

"మధ్యాహ్నం నుంచీ ఫోను చేస్తున్నాం."

"పెట్టెలో పడేసి తాళం వేశారు మహానుభావుడు," అంది దర్జీ భార్య. "రేపు తెల్లారి బండికి అమ్మాయి దగ్గరికి. పురుడు. మూడు నెలలుంటాం."

చిన్న డాక్టరు నిలబడే చెప్పింది. రక్తం కనబడిందని, అది మొలలు కావచ్చు, బుడిపె కావచ్చు, ఇంకేదైనా కావచ్చని, పేగులోకి కెమెరా గొట్టం వేసి చూస్తేగాని తేలదని. సోమవారం పెద్దాసుపత్రిలో చూస్తామన్నారని.

"మూడు నెలలాగి చేయించుకుంటే?" అన్నాడు దర్జీ.

"ఆగొద్దండీ. ఈ మాట ఆ రోజు మీరొచ్చినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. చెప్పినట్టు మాత్రం రాసుకున్నాను."

దర్జీ మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు.

"కొలత తీయకుండానే చీటీ రాసి, పెళ్లికొడుకు కోటు పాడుచేశానమ్మా ఓసారి," అన్నాడు చివరికి. "వాడు దాన్ని తెచ్చి నా ముఖాన కొట్టాడు. మీరైతే మీ అంతట మీరే ఇంటికొచ్చి చెప్పారు."

"నా టికెట్టు నాకుంది," అంది భార్య. "నేను వెళ్తా. మీరు చూపించుకుని రండి. మనవడు ఎక్కడికీ పోడు."

"ఒక్కదానివే ఎలా వెళ్తావే?"

"మిమ్మల్ని మోసుకుంటూ వెళ్లడం కన్నా తేలిక."

చిన్న డాక్టరు సంచిలోంచి పచ్చ కాగితం తీసింది. పాత టిక్కును అడ్డగీతతో కొట్టేసి కలం పట్టుకుంది. "మీరేమన్నారని రాయను?"

దర్జీ ఈసారి నవ్వలేదు. "భయమేసిందన్నాడని రాయండి. సోమవారం వస్తానన్నాడని కూడా."

రెండూ రాసింది. పెద్ద డాక్టరు అడగాల్సిందేమీ మిగల్లేదు.

వాళ్లు మెట్లు దిగుతుంటే దర్జీ భార్య రెండు పెట్టెల్లో ఒకదాన్ని లోపలికి జరిపి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.