పడే పద్ధతి

సామ్యూల్‌కు కాళ్ల మీద పడటం తప్ప ఇంకో రకంగా పడటం రాదు. రాతిగుండ్లెక్కే పిచ్చి ఉన్నవాళ్లకు అదే మొదటి పాఠం. తాడూ గీడూ ఏమీ ఉండదు. ఇంటికంటే కాస్త పొట్టి రాతిగుండు, కింద ఒక పరుపు, అంతే సంగతి. చెయ్యి జారితే పాదాలు ముందు ఆనాలి, మోకాళ్లు వంగాలి, పక్కకు దొర్లాలి. లాల్‌దర్వాజా గల్లీల్లో గోడలు దూకిన వయసు నుంచీ వాడి ఒంటికి తెలిసింది అదొక్కటే.

విశాఖ సముద్రం ముందు మాత్రం ఆ విద్య చెల్లలేదు. అలల మీద బోర్డు నడపడం నేర్పే ఫణి మొదటి పూటే మొత్తుకున్నాడు.

"బాబూ, అలా కాళ్లతో దిగిపోకండి. ఇక్కడ నీళ్లు తక్కువ, అడుగున ఇసుక గట్టిగా ఉంటుంది. మడమ విరుగుద్ది. బోర్డుని తన్నేసి, దూరంగా, వెల్లకిలా పడిపోవాలి."

సామ్యూల్ బుద్ధిగా తలూపాడు. మళ్లీ కాళ్ల మీదే పడ్డాడు.

ఒడ్డున కూర్చున్న అక్క సుజన దిగ్గున లేచింది. మడమ విరిగితే ఇంకేమైనా ఉందా? ఫైర్‌మన్ నౌకరీకి తొలి రాతపరీక్ష వాడు గట్టెక్కాడు. ఇక పరుగు, లాంగ్‌జంప్ మిగిలాయి. పాసైనందుకే ఆమె తన ల్యాబ్‌కు సెలవు పెట్టి వాణ్ని సముద్రానికి తీసుకొచ్చింది. బయలుదేరేటప్పుడు తల్లి సువార్తమ్మ బస్సు కిటికీ పట్టుకుని ఒకటే మాట చెప్పింది. "వాని కాళ్లు భద్రం బిడ్డా. పరుగయ్యేదాంక నీదే జిమ్మేదారి." బడిలో గదులు ఊడ్చి నడుము వంగిన మనిషి ఆవిడ. ఆ ఇంట్లో సర్కారు నౌకరీ ఇంతవరకూ ఎవరూ ఎరగరు.

అందుకని సుజన చున్నీ నడుముకు చుట్టి నీళ్లలోకి దిగింది. ఫణి చెబితే వినని తమ్ముడు తను చెబితే వింటాడని ఆమెకు తెలుసు.

"కాళ్లు గాదురా, వీపు. బోర్డును తన్ను. చేతులు చాపు. ఇప్పుడు పడు."

వాడు పడ్డాడు, కాళ్ల మీదే.

"చేపలు నవ్వుతున్నయ్‌రా నిన్ను చూసి. మళ్ల పడు."

పొద్దున్నా సాయంత్రమూ అదే పని. వేళాకోళమాడింది, తిట్టింది, బతిమాలింది. సెలవు అయిపోవచ్చేసరికి వాడి ఒళ్లు మాట విన్నది. అల తోసిన మరుక్షణం బోర్డును తన్ని, చేతులు చాపి, హాయిగా వెల్లకిలా పడుతున్నాడు. ఆలోచన కూడా అక్కర్లేదు. సుజన చప్పట్లు కొట్టింది. బంగారంలాంటి కాళ్లను కాపాడుకున్నానని పొంగిపోయింది.

హైదరాబాద్‌లో బస్సు దిగితే ఎండ మొహం మీద కొట్టింది. వచ్చిన మర్నాడే సామ్యూల్ మొదలుపెట్టాడు.

"అక్కా, బోడిగుండు ఒక్కసారి ట్రై చేస్త. నౌకరీల పడ్డంక టైమేడిది?"

పహాడీషరీఫ్ దాటాక ఉంటుందది. నెత్తిన పట్టుకోవడానికి ఏమీ లేదని వీళ్లు పెట్టుకున్న పేరు. చలికాలమంతా వాడు దాని అంచుదాకా వెళ్లి జారినవాడే.

"పరుగుందిరా. అమ్మకు తెలిస్తే నన్ను సంపుతది."

"కింద నువ్వుంటవ్ గద. నాకేం ఫికర్?"

ఆ మాటకు సుజన కరిగిపోయింది. కింద నిలబడటంలో ఆమె దిట్ట. పడేవాణ్ని ఎవరూ మొయ్యలేరు. నడుము దగ్గర చెయ్యి ఆనించి, కాళ్లు పరుపు మీద పడేలా మళ్లించాలి, అంతే. ఆమె చేతులు ఇంతవరకూ తప్పలేదు.

బండి మీద పరుపు కట్టుకుని చేరేసరికే పొద్దెక్కింది. గుండు పెనంలా కాలుతోంది. సామ్యూల్ నిటారుగా కిందికి పడతాడు కాబట్టి, ఆమె అలవాటుగా పరుపును గుండు మొదట్లోకి నెట్టింది. పరుపు అవతల నేలలోంచి చట్టుబండ ఒకటి లేచి ఉంది. దాన్ని ఎప్పుడూ చూస్తూనే ఉంటారు. ఎవరూ దానిమీద పడింది లేదు.

రెండుసార్లు వాడు సగంలోనే దిగిపోయాడు. తనకు తానే దూకాడు కనుక రెండుసార్లూ కాళ్ల మీదే దిగాడు. ఉప్పునీటికి నాని అరచేతుల్లో కాయలు ఊడిపోయాయి, కింద లేత చర్మం ఎర్రగా ఉంది.

"ఇగ పోదాం పా. గింత ఎండల ఏం ఎక్కుతవ్?"

"లాస్ట్, అక్కా."

ఈసారి అంచు అందింది. రెండో చెయ్యి కూడా పైకి వేశాడు. పట్టు కోసం చేతులకు పూసుకున్న చాక్ పొడి చెమటకు ముద్దయింది. వేళ్లు జారాయి.

ఆ క్షణంలో వాడేమీ అనుకోలేదు. అనుకునే వ్యవధి లేదు. కాలు రాతిని తన్నింది. చేతులు చాచుకున్నాయి. ఒళ్లు గుండుకు దూరంగా, వెల్లకిలా గాలిలోకి పోయింది. నడుము ఉండాల్సిన చోటికి సుజన చేతులు చాపింది. అక్కడ నడుము లేదు. పరుపు మీద మడమలు మాత్రమే పడ్డాయి. వీపు చట్టుబండ మీద పడింది.

చప్పుడు విన్నప్పుడే ఆమెకు తెలిసింది. పక్కన మోకాళ్ల మీద కూలబడింది.

"లేపకక్కా," అన్నాడు సామ్యూల్ ఆకాశం చూస్తూ. "నా కాళ్లు ఏడున్నయ్?"

"ఉన్నయ్‌రా. పట్టుకున్న గద."

"పట్టుకున్నవా?"

ఆమె వాడి కాలి బొటనవేలు గట్టిగా నొక్కింది. వాడు ఇంకా జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.

ఆసుపత్రిలో డాక్టర్ వెన్నుపూస అన్నాడు, ఆపరేషన్ అన్నాడు, నడక సంగతి మాత్రం దాటేశాడు. సువార్తమ్మ చీపురు పట్టిన చేతులతోనే పరుగున వచ్చి కొడుకు పాదాలు పట్టుకుంది. చల్లగా ఉన్నాయని అరికాళ్లు రుద్దడం మొదలుపెట్టింది.

"ఎట్ల పడ్డడే?" అని కూతుర్ని అడిగింది. "నా కొడుకు ఎప్పుడు పడ్డా కాళ్ల మీదనే పడ్తడు గద."

సుజనకు తెలుసు. తనే చేసింది. ఈ చేతులతో, ఈ నోటితో, వారమంతా నీళ్లలో నిలబడి మరీ చేసింది.

"అక్కను ఏమనకమ్మా," అన్నాడు సామ్యూల్ కళ్లు మూసుకునే. "నేను మంచిగనే పడ్డ. అక్క నేర్పినట్టే పడ్డ." గొంతు తగ్గించి అడిగాడు. "మంచిగనే పడ్డ గదక్కా?"

"మంచిగనే పడ్డవ్‌రా," అంది సుజన.

తల్లి పక్కన కూర్చుని రెండో పాదం ఒళ్లోకి తీసుకుంది. తల్లితోపాటు తనూ రుద్దసాగింది.