ఉప్పుదీవిలో నిశ్శబ్దం

పదకొండేళ్ల తర్వాత ‘ఉప్పుదీవి’ బ్యాలేను మళ్లీ వేస్తున్నారని థియేటర్ గోడమీద చదివిన రోజునుంచి, బ్యాలేలంటే ప్రాణమిచ్చే పెద్దావిడ తయీసియాకు ఒకటే కంగారు. పీటర్స్‌బర్గ్‌లో అందరూ ఎరిగిన బ్యాలేలు నెలనెలా ఉంటాయి. ఇది మాత్రం ఆదివారం మధ్యాహ్నం ఒకే ఒక్క ప్రదర్శన. జాలరి భార్య వేషం వేసే ఇంగాకు ఇదే ఆఖరు. నర్తకులకు అక్కడ పింఛను తొందరగా ఇస్తారు, ముప్పై ఎనిమిదేళ్లకే ఆమెకు వచ్చేసింది.

రెండో అంకంలో భర్త పడవ వెళ్లిపోయాక, జాలరి భార్య ఒంటికాలి మునివేళ్లమీద నిలబడుతుంది. సంగీతం ఆగిపోతుంది. పడవ చప్పుడు ఇంకా వినబడుతుందేమోనని ఆమె చెవి ఒగ్గుతుంది. కిందటిసారి నాట్యం అయిపోయిందనుకుని జనం అక్కడే చప్పట్లు కొట్టారు. ఇంగా తడబడి కాలు దించేసింది. ఈసారైనా ఆ నిశ్శబ్దం ఆమెకు దక్కాలి.

అందుకే తయీసియా అరగంట ముందే థియేటర్‌లో మూడో అంతస్తు సీట్ల దగ్గరికి ఎక్కి, వరస వరసకూ చెప్పుకుంటూ పోయింది.

“బాబూ, రెండో అంకంలో వాయిద్యాలు ఆగుతాయి. అప్పుడు చప్పట్లు కొట్టకండి.”

“మరి ఎప్పుడు కొట్టాలండీ?”

“నన్ను చూస్తూ ఉండండి. నేను కొడితే కొట్టండి.”

స్నేహితురాలు రిమ్మా ఆమె శాలువా కొంగు పట్టి లాగింది. “ఏమే తాయా, నీకీ కాపలా ఉద్యోగం ఎప్పుడిచ్చారే? కూర్చో.”

“నీకేం, మొదటి అంకంలోనే నిద్రపోతావు.”

“నిద్రపోయేవాళ్లు చప్పట్లు కొట్టరు కదే. నీ పని సులువు చేస్తున్నాను.”

ఇంగా ఎత్తుగా ఎగిరి జనాన్ని అబ్బురపరిచే నర్తకి కాదు. ఇరవై ఏళ్లూ ఎక్కువగా నలుగురు కలిసి ఆడే నాట్యాల్లో మూడోదిగానే ఆడింది. కానీ జాలరి భార్య వల ఆరేసే నాట్యంలో ఆమె వేళ్ల మధ్య నిజంగానే తడి దారం ఉందనిపిస్తుంది. లేని వల బరువుకు భుజం కాస్త వంగుతుంది. ఆ వంపు కోసం తయీసియా పదకొండేళ్లు ఎదురుచూసింది.

రెండో అంకంలో వాయిద్యాలు ఆగాయి. ఇంగా ఒంటికాలిమీద నిలిచింది. హాలంతా ఒక్క దగ్గు కూడా లేదు.

ఇక ఫిడేళ్లు మొదలవుతాయి, నాలుగడుగులు వేసి ఆమె తెర చాటుకు వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. ఆ పిల్లను ఇంకాస్సేపు ఆపాలి. తయీసియా చేతులు వాటంతటవే కలిశాయి. టప్పున చప్పుడైంది.

మూడో అంతస్తు మొత్తం ఆమెనే చూస్తోంది కాబట్టి మూడో అంతస్తు మొత్తం కొట్టింది. కిందివాళ్లూ అందుకున్నారు.

“కొట్టింది నువ్వేనే!” అంది రిమ్మా.

తయీసియా మొహం కప్పుకుంది. వేళ్ల సందులోంచి మాత్రం చూసింది. ఇంగా కాలు దించలేదు. వాయిద్యాలను నడిపే సంగీత దర్శకుడు తన చిన్న కర్ర ఎత్తి పట్టుకునే ఉన్నాడు. చప్పట్లు అలిసి సద్దుమణిగాయి. ఆ తర్వాత కూడా ఆమె అలాగే, తల కాస్త వాల్చి, వింటూ నిలబడింది. అప్పుడు గాని ఫిడేళ్లు మొదలుకాలేదు.

ప్రదర్శన అయ్యాక నటులు బయటికొచ్చే తలుపు దగ్గర తయీసియా పువ్వులు ఇచ్చి చెప్పేసింది.

“ఇంగా మార్కోవ్నా, చప్పట్లు మొదలుపెట్టింది నేనే. అందరినీ వద్దని, చివరికి నేనే…”

“మీరా? పిక్క పట్టేసి ఎంత తిట్టుకున్నానో!” ఇంగా పకపకా నవ్వింది. “ఎప్పుడూ అక్కడ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ నిలబడేదాన్ని. ఇవాళ మీ పుణ్యమా అని లెక్క పోయింది. మొదటిసారి నిజంగా విన్నాను.”

“ఏం వినబడిందమ్మా?”

“ఏమీ లేదు. ఎంత బాగుందో!” పువ్వులు చంకలో ఇరికించుకుని ఆమె వీధి చివరకు చూసింది. “ఆ మూల కొట్లో క్యాబేజీ బన్నులు వేడిగా ఉంటాయి. ఒళ్లు వస్తుందని ఇరవై ఏళ్లుగా వాసన చూసి వెళ్లిపోతున్నాను. వస్తారా?”

“ఇద్దరమూ వస్తాం,” అంది రిమ్మా వెంటనే.

ఇంగా మూడు బన్నులు తింది. నాలుగోదాన్ని తయీసియా తన పళ్లెంలోంచి తీసి ఆమె ముందుకు జరిపింది.