బంతికి తలంటు

ఆదిశేషయ్య పెరట్లో మూడు రోజులుగా ఒక హాకీ బంతికి స్నానం జరుగుతోంది. నాందేడు రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమస్తా, యాభై ఆరేళ్ల పెద్దమనిషి, పీట వేసుకుని బకెట్లో బంతిని తిప్పుతూ కూర్చుంటే చూసేవాళ్లకు నవ్వు రాక మానదు. చూసేవాళ్లే లేరు, అదీ ఆయన బాధ.

భార్య భాగ్యవతి పోయి పదకొండు నెలలు. పిల్లలు లేరు. కర్మలనాడు కిక్కిరిసిన ఆ క్వార్టర్‌లోకి తర్వాత మనిషి జాడ లేదు. ఆయనా మైదానం వైపు వెళ్లడం మానేశాడు. ఎవరైనా వస్తారేమోనని పగటిపూట గొళ్లెం పెట్టడం కూడా మానేశాడు. అలాంటిది సోమవారం నాడు రామదాస్ సైకిలేసుకుని వచ్చాడు. ఒకప్పుడు రైల్వే జట్టులో కలిసి ఆడినవాడు, ఇప్పుడు రైల్వే ఉద్యోగుల క్లబ్బు ఇన్‌స్టిట్యూట్‌కు సెక్రటరీ.

"అన్నా, శనివారం పొద్దుగాల పాత ఆటగాళ్లకు, కొత్త పోరగాళ్లకు మ్యాచ్ పెట్టినం. మనం కప్పు గెలిచిన చెండు నీ తాన్నే ఉన్నది గదా? దాంతోనే ఆడుదం. మొదలు నువ్వే కొట్టాలె."

ఆ మాటకు ఆదిశేషయ్యకు ప్రాణం లేచివచ్చింది. వెనకాముందూ చూడకుండా సరేనన్నాడు. రామదాస్ వెళ్లాక గూట్లోంచి బంతి తీశాడు. ఒకప్పటి తెల్ల తోలు గోధుమరంగుకు తిరిగింది. కిరాణా కొట్టుకు పట్టుకెళ్లి తక్కెడలో ఒకవైపు అదీ, మరోవైపు అరువు తెచ్చిన కొత్త బంతీ పెట్టించాడు. పాతది ఠంగున కిందికి దిగింది. ఈ బరువుతో అది పది గజాలైనా దొర్లదు. పదిమందిలో కలిసే అవకాశం ఇన్నాళ్లకు వస్తే, దానికి నూనె అడ్డం పడింది.

అవును, నూనే. పద్నాలుగేళ్లపాటు ప్రతి శనివారం భాగ్యవతి ఆ బంతికి నువ్వుల నూనె రాసింది. శనివారం మగవాళ్లకు తలంటు రోజు. ఈయనగారు మాత్రం తెల్లవారగానే స్టిక్కు భుజాన వేసుకుని మైదానానికి ఉడాయించేవాడు. "మా ఆమె నాకు బదులు చెండుకు తలంటుతదిరా" అని జట్టులో చెప్పి అందరినీ నవ్వించేవాడు. తోలు పగులుతుందని రాస్తోంది కాబోలు, పాపం అమాయకురాలని అనుకునేవాడు. ఎందుకు రాస్తున్నావని ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు.

నూనె పెట్టడం తేలికే, తీయడమే చావు. మరిగే నీళ్లయితే తోలు ముడుచుకుపోతుంది. చెయ్యి ఓర్చుకునేంత వేడిలో ఉంచితే కాసేపటికి కుట్ల సందుల్లోంచి నూనె చెమటలా బొట్లు కడుతుంది. పాత ధోవతి గుడ్డతో అద్ది, నీళ్లు చల్లారేలోగా మళ్లీ వేడివి పోయాలి. కుంకుడు రసంతో రుద్ది, తుడిచి, పొడి శనగపిండిలో పూడ్చిపెడితే మిగిలిన తడినీ జిడ్డునూ పిండి లాగేస్తుంది. పొద్దున చూస్తే పిండంతా ఉండలు కట్టి ఉండేది. అది పారేసి మళ్లీ మొదలు. శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ కొట్లో తూయిస్తే తక్కెడ ముల్లు దాదాపు నడిమికి వచ్చింది. ఆదిశేషయ్య ఎన్నాళ్లకో ఈల వేశాడు.

చివరి విడత నీళ్లు పోస్తుండగా పాలు పోసే కాశీబాయి పెరట్లోకి వచ్చింది. సరిహద్దు ఊరు సగరోళి వైపు రైతుల ఆడపడుచు. భాగ్యవతి ఉన్నప్పుడు గంటలకొద్దీ కూర్చునేది, ఇప్పుడు గడపలోనే పాలు పోసి వెళ్లిపోతోంది.

"అక్క ఉన్నప్పటి వాసనొస్తే అచ్చిన సారూ," అంది. "ఏంది, చెండును కడుగుతున్నవా?"

"ఏం జేద్దం కాశీబాయీ! నూనె రాస్తే తోలు ఖరాబైతదని మీ అక్కకు తెల్వకపాయె."

కాశీబాయి ముఖం మారింది. "తెల్వకనా? అక్క నీకోసమే నూనె కాచేది సారూ. గీ పీటేసి, నీళ్లు కాగబెట్టి కూసునేది. నువ్వు దాటిపోతుంటివి. కాచిన నూనె పారబోయబుద్ధి గాకపోయేది ఆమెకు. ఆయన పానమంతా గీ చెండు మీదనే ఉన్నది, దీనికి రాస్తే ఆయనకు రాసినట్లే అనుకుంట రాసేది."

ఆదిశేషయ్య చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.

"పిల్లలా లేకపాయె, ఈ ఊర్ల చుట్టాలా లేకపాయె. 'ఒక్క శనివారమన్న వాళ్లతోని, నేను తలంటుకున్న, ఎండల రాను అంటడేమో కాశీ' అనేది. నీ జట్టోళ్లు పిలిస్తే ఆగుతుంటివా నువ్వు?"

పాలు పోసి ఆమె వెళ్లిపోయింది. ఆయన బకెట్లోకి చూశాడు. నీళ్లమీద నూనె పలచగా తేలుతోంది. మూడు రోజులుగా ఎన్ని బకెట్లు మోరీలో పారబోశాడో గుర్తుకొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది. ఈ పదకొండు నెలలూ తానొక్కడే ఒంటరినని ఊరికే కుమిలిపోయాడు. ఇదే క్వార్టర్‌లో ఆమె పద్నాలుగేళ్లు అలాగే బతికింది. ఆ మాట చెప్పుకుని తల పెట్టుకోవడానికి ఇప్పుడు ఆమె ఒడి లేదు.

శనివారం తెల్లవారగానే గేటు దగ్గర సైకిల్ గంట మోగింది.

"అన్నా, చలా! అందరు అచ్చిండ్రు, నీదే దేర్."

ఆదిశేషయ్య తువ్వాలు కట్టుకుని బయటికి వచ్చాడు. నెత్తి మీంచి నూనె చెంపలకు కారుతోంది. బంతిని రామదాస్ చేతిలో పెట్టాడు. అది కొత్తదానిలా తేలిగ్గా ఉంది.

"మీరు ఆడుండ్రి తమ్మీ," అన్నాడు. "నేను తలంటుకున్న. ఎండల రాను."

రామదాస్ తెల్లబోయి చూశాడు, బతిమాలాడు, చివరికి వెళ్లిపోయాడు. సైకిల్ గంట వీధి మలుపు దాకా వినబడింది.

ఆయన తిరిగొచ్చి పీట మీద కూర్చున్నాడు. గూట్లో భాగ్యవతి మిగిల్చిపోయిన సీసాలో అడుగున ఇంకా కొంచెం నూనె ఉంది. గిన్నెలో వంపి, వెచ్చచేసి, చేతులకు రాసుకున్నాడు, ఛాతీకి రాసుకున్నాడు. వీపుకు రాసుకోబోయాడు. భుజం మీంచి ప్రయత్నించాడు, నడుం పక్కనుంచి ప్రయత్నించాడు. చెయ్యి అందలేదు.