మూడు వందల పద్దెనిమిది కంపెనీల అధ్యక్షురాలు

కర్రపెండలం తొక్క తీయడానికి ఒక పద్ధతుంది. ముందు అడ్డంగా ముక్కలు కోసుకోవాలి. ఒక్కో ముక్కకి నిలువునా గాటు పెట్టి, ఆ గాట్లోకి కత్తి మొన దూర్చి తిప్పితే తొక్కంతా ఒక్కసారిగా ఊడొస్తుంది. ఇది నాకు నేర్పింది మా ఆయన తల్లి, మా అత్తయ్య డోన్యా క్లోతిల్దే. నేర్పి పాతికేళ్ళయింది, నేర్పినందుకు ఇవాళ్టికీ నా చేత కృతజ్ఞత చెప్పించుకుంటూనే ఉంది. ఆ మంగళవారం సాయంత్రం నేను తొక్క తీస్తుంటే, ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చుని, బల్ల మీద మోగిన నా ఫోన్ వైపు గడ్డంతో చూపించింది.

"మోగింది చూడు, హాలండ్ వాళ్ళేమో. సంచీ, పలకా సర్దుకో. యాభై ఏళ్ళకి బళ్ళో చేరతావు, మనవరాళ్ళ వయసు పిల్లల పక్కన కూర్చుంటావు. వాళ్ళు నిన్ను టీచరనుకుని లేచి నిలబడతారు."

నలభై తొమ్మిది అందామనుకుని ఊరుకున్నాను. చేతులు తుడుచుకుని చూస్తే నిజంగా హాలండ్ వాళ్ళే. ఆ విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ పన్నుల చట్టంలో ఏడాది మాస్టర్స్ ఉంది. మా వైపు దేశాల నుంచి, లా చదివి సొంత ఆదాయం లేని మహిళ ఒక్కరికి ఏటా స్కాలర్‌షిప్ ఇస్తారు. దానికి నేను నవంబరులో దరఖాస్తు పెట్టాను. ఉత్తరం రాసింది ప్రవేశాల విభాగంలో పనిచేసే ఒక ఆవిడ. చాలా మర్యాదగా రాసింది. నా వ్యాసం ప్రొఫెసర్లందరికీ నచ్చిందట. చివరి ఇద్దరిలో నేనూ ఉన్నానట. అయితే చిన్న సందేహమట. మీకు ఆదాయం లేదని రాశారు, కానీ పనామా కంపెనీల రిజిస్ట్రీలో మీ పేరు కొట్టి చూస్తే మీరు మూడు వందల పద్దెనిమిది కంపెనీలకు అధ్యక్షురాలిగా కనిపిస్తున్నారు, ఆ కంపెనీలతో మీ సంబంధమేమిటో శుక్రవారం మా సాయంత్రం అయిదు గంటల్లోగా వివరించగలరు, అని.

వాళ్ళ సాయంత్రం అయిదంటే మాకు ఉదయం పదకొండు. అది దేశమంతా మూతపడే కార్నివాల్ పండగకి ముందు శుక్రవారం.

నాకు నవ్వొచ్చింది. మూడొందల పద్దెనిమిదని నాకే తెలియదు. రెండొందలు దాటాక లెక్క వదిలేశాను. మా ఆయన ఎవేలియో, నేనూ లా కాలేజీలో ఒకే తరగతి. మార్కులు నాకే ఎక్కువ. ఆ సంగతి మొదటి రెండేళ్ళు అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు, తర్వాత మానేశాడు. పెళ్ళయ్యాక నేను లైసెన్సు తీసుకుని ప్రాక్టీసు పెడతానంటే అత్తయ్య "ఒకింట్లో ఇద్దరు లాయర్లెందుకు, కూర ఎవరు వండాలో కోర్టుకెళ్ళి తేల్చుకుంటారా" అంది. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. ఆ నవ్వుకి ఎంత మూల్యమో అప్పుడు తెలియలేదు. ఎవేలియో ఇంకొకాయనతో కలిసి ఆఫీసు తెరిచినప్పుడు, కొన్నాళ్ళు సాయం చేయమని నన్ను కూర్చోబెట్టాడు. ఆ కొన్నాళ్ళకి ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆఫీసు డబ్బు ఇంటికే వస్తుంది కదా, వేరే జీతమెందుకన్నాడు.

మా ఆఫీసు చేసేది కంపెనీలు పుట్టించడం. ఎక్కడివాళ్ళో ఫోన్ చేస్తారు, వారంలో కంపెనీ పుడుతుంది. ప్రతి కంపెనీకీ చట్టప్రకారం ముగ్గురు డైరెక్టర్లుండాలి. అసలు యజమానులకి తమ పేరు కాగితం మీద కనపడటం ఇష్టముండదు. అందుకని అధ్యక్షురాలు నేను, కార్యదర్శి మా టైపిస్టు, కోశాధికారి మా కాఫీ కాచే మిగ్దాలియా. పొద్దున్నే మిగ్దాలియా ట్రేతో వచ్చి "అధ్యక్షురాలి గారికి చక్కెర ఎన్ని చెంచాలు?" అనేది. "రెండు, కోశాధికారి గారూ" అనేదాన్ని. సాయంత్రం ఆ కోశాధికారే బస్సు చార్జీకి చిల్లర ఉందా అని నన్నడిగేది. అది మా ఇద్దరి మధ్య హాస్యం. అంతకంటే ఎక్కువ దాని గురించి ఆలోచించలేదు. ఎందుకంటే నా అసలు పని అది కాదనుకున్నాను. ఏ దేశంలో లాభం చూపిస్తే ఏ దేశం పన్ను వేస్తుంది, ఏ రెండు దేశాల మధ్య ఏ ఒప్పందం ఉంది, అందులో ఏ వాక్యం ఎటు తిరుగుతుంది, అవన్నీ నేను చదివి ఎవేలియోకి నాలుగు పేజీల్లో రాసిచ్చేదాన్ని. ఆయన కాలు మీద కాలేసుకుని ఫోన్లో అదే చదివేవాడు. ఆయన సంతకం పెట్టేవి నేను రాసినవి. నేను సంతకం పెట్టేవి నేను చదవనివి. మా దాంపత్యం గురించి ఎవరైనా అడిగితే ఈ రెండు వాక్యాలు చాలు. ఒక్క ఏడాది, నేను చెప్పే జవాబు నా నోటితోనే బయటికొచ్చే చోట కూర్చోవాలనిపించింది. అందుకే దరఖాస్తు.

దరఖాస్తుకి ఆఫీసు నుంచి సిఫారసు లేఖ కావాలంటే ఎవేలియో "నువ్వే రాసుకో బంగారం, సంతకం నేను పెడతా" అన్నాడు. బంగారం అనే మాట సంతకాల సమయంలోనే ఆయన నోట వస్తుంది. రాశాను. "పన్ను విషయాల్లో సలహాలు ఇస్తుంది" అని నేను రాసిన చోట కొట్టేసి "ఫైళ్ళు సర్దడంలో సాయపడుతుంది" అని దిద్దాడు. చివర తనే ఒక వాక్యం కలిపాడు, "చాలా ఓపిక గల మనిషి" అని. ఆ ఒక్క మాట అబద్ధం కాదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఉత్తరం చూపించాను. ఎవేలియో ఉడికిన కర్రపెండలం మీద వెల్లుల్లి నూనె పోసుకుంటూ చదివాడు.

"బాగానే వెతికారే" అన్నాడు. "పన్నులవాళ్ళు కదా, అన్నిట్లోనూ తల దూరుస్తారు."

"నన్ను వాటిల్లోంచి తీసెయ్యి ఎవేలియో. రాజీనామా చేశానని చూపిస్తే చాలు."

"రాజీనామాలు నువ్వు ఎప్పుడో చేసేశావు. ప్రతి కంపెనీకీ మొదటి రోజే చేశావు. నా బీరువాలో ఉన్నాయన్నీ. తారీఖు ఒక్కటే లేదు."

నిజమే. అధ్యక్షురాలిగా చేరే కాగితంతో పాటే దిగిపోయే కాగితం మీద కూడా సంతకం పెట్టించుకోవడం మా ఆఫీసు ఆచారం. ఎప్పుడు దించాలో యజమానుల ఇష్టం.

"అయితే తారీఖు వెయ్యి."

"వేస్తే ఆ కుర్చీల్లో ఎవర్ని కూర్చోబెట్టను? ఒక్కొక్క కంపెనీ యజమానిని అడగాలి, ఒక్కొక్కటీ రిజిస్ట్రీలో ఎక్కించాలి. మూడొందల పద్దెనిమిది. కార్నివాల్ వారంలో. రిజిస్ట్రీలో నీ కోసం ఎవడు కూర్చుంటాడు చెప్పు, నువ్వే చెప్పు."

"మరి ఏం రాయను వాళ్ళకి?"

"వృత్తిరీత్యా డైరెక్టరుని, తగిన రుసుము తీసుకుంటాను అని రాయి. అందరూ రాసేదే."

"రుసుము తీసుకుంటున్నానంటే ఆదాయం ఉన్నట్టే. స్కాలర్‌షిప్ ఇవ్వరు."

"అది వాళ్ళ రూలు. నేను పెట్టిన రూలా?"

అత్తయ్య నా కంచంలోకి చూసి "చారు చల్లారిపోతోంది" అంది.

"అయితే ఉన్నది ఉన్నట్టు రాస్తాను" అన్నాను. "ఆ కంపెనీలు ఎవరివో నాకు తెలియదు, చెప్పిన చోట సంతకం పెట్టానంతే అని."

ఎవేలియో కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. రుమాలుతో నూనె మూతి తుడుచుకుని, ఏదో క్లయింటుకి చెప్పినంత నెమ్మదిగా చెప్పాడు. "రాయి. నేను వద్దనను. అది నీ చేత్తో నువ్వు ఒప్పుకున్నట్టవుతుంది. తర్వాత ఎవరైనా ఏదైనా అడగాలనుకుంటే, కాగితం మీద ఎవరి సంతకం ఉందో వాళ్ళనే అడుగుతారు. ఆ చట్టం నాకంటే నీకే బాగా తెలుసు." కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "శుక్రవారం మధ్యాహ్నం పండగకి లాస్ తాబ్లాస్ ఊరు బయల్దేరుతున్నాం. ఈలోగా కొత్తవి నాలుగున్నాయి, సంతకాలు పెట్టెయ్ బంగారం."

బుధవారం ఆ నాలుగింటికీ సంతకం పెట్టాను. కాగితం ముందుకొచ్చింది, కలం చేతిలో ఉంది, ఎవేలియో వేలు ఇక్కడ అని చూపించింది. గురువారం ఆఫీసులో కూర్చుని హాలండ్‌కి ఏడు ఉత్తరాలు రాసి ఏడూ చెరిపేశాను. రుసుము తీసుకుంటానని రాస్తే సీటుండి డబ్బుండదు. నిజం రాస్తే సీటూ పోవచ్చు, నేనూ పోవచ్చు. రాయకపోతే శుక్రవారం పదకొండు దాటుతుంది, అంతే. పంతొమ్మిదేళ్ళుగా జనానికి పన్ను నుంచి తప్పించుకునే దారులు చూపించినదాన్ని. నాకంటూ ఒక్క సందు దొరకలేదు.

శుక్రవారం ఎవేలియో కారు కడిగించడానికి పొద్దున్నే వెళ్ళాడు. ఆఫీసు మూసేశారు. నేను వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని రిజిస్ట్రీ తెరిచి నా పేరు కొట్టాను. మూడొందల ఇరవై రెండు. బుధవారంనాటి నాలుగూ చేరిపోయాయి. రిజిస్ట్రీలో ఎవడు కూర్చుంటాడన్నాడు కదా, వాటికి మాత్రం ఎవరో కూర్చున్నారు. ఆ జాబితాని చివరిదాకా కిందికి దించాను. తర్వాత ఊరికే, చూద్దామని, ఎవేలియో పేరు కొట్టాను. ఏమీ లేదు. తప్పు కొట్టానేమోనని తండ్రి వైపుదీ తల్లి వైపుదీ రెండు ఇంటిపేర్లూ కలిపి మళ్ళీ కొట్టాను. సున్నా. ఆయన భాగస్వామి పేరు కొట్టాను. సున్నా. వందల కంపెనీలు పుట్టించిన మగవాళ్ళు ఇద్దరూ ఒక్కదాన్లోనూ లేరు. మిగ్దాలియా ఉంది, టైపిస్టు ఉంది, అంతకుముందు మానేసిన టైపిస్టు కూడా ఉంది. నాకప్పుడు ఒక అనుమానం వచ్చింది. అది వచ్చినందుకు సిగ్గుపడుతూనే ఇంకొక పేరు కొట్టాను. క్లోతిల్దే. అరవై రెండు.

అత్తయ్య కిటికీ దగ్గర పచ్చి కందికాయలు ఒలుస్తోంది. ప్రయాణంలోకి కొబ్బరిపాలతో కంది అన్నం కావాలన్నాడు కొడుకు.

"అత్తయ్యా, ఎవేలియో తెచ్చే కాగితాల మీద మీరు సంతకాలు పెడుతున్నారా?"

"ఆదివారాలు తెస్తాడుగా, పింఛనువి. పెడతా. కళ్ళద్దాలు కూడా పెట్టుకోను, వాడే వేలితో చూపిస్తాడు."

"అవి పింఛనువి కావు. మీరు అరవై రెండు కంపెనీలకి అధ్యక్షురాలు."

ఒలుస్తున్న కాయ చేతిలోనే ఆగిపోయింది. "ఏం కంపెనీలు?"

"తెలీదు. ఒకదానికి ఓడలున్నట్టున్నాయి."

"ఓడలా" అంది. కాసేపు కిటికీలోంచి చూసింది. "పెద్దవేనా?" తర్వాత నా వైపు తిరిగి, "నీకెన్ని?" అంది.

"మూడొందల ఇరవై రెండు."

"హమ్మ. నీకే ఎక్కువ రాసిచ్చాడన్నమాట."

"రాసివ్వడం కాదత్తయ్యా. వాటిల్లో ఏదైనా తప్పు జరిగితే పోలీసులు వచ్చేది మన దగ్గరికి. ఇప్పుడు నేను హాలండ్ వాళ్ళకి నిజం రాసి పంపాలనుకుంటున్నాను. పంపితే ఏం జరుగుతుందో నేను చెప్పలేను. నాకు జరగొచ్చు, మీకూ జరగొచ్చు."

ఆవిడ చేతిలోని కాయ విప్పి, గింజలు గిన్నెలో వేసి, తొక్క పక్కన పెట్టింది. ఎనభై ఏళ్ళ మనిషి. పొద్దుటి సూది మందు నేనే ఇచ్చాను, చేతి మీద దూది ముక్క ఇంకా అంటుకునే ఉంది.

"వాడికేమైనా అవుతుందా?" అంది.

"ఆయనకేమవుతుంది? ఆయన పేరు ఎక్కడా లేదు."

"నిజంగా లేదా? సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు చూశాను."

ఆవిడ ముఖం తేటపడింది. అంత నిశ్చింతగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. "అయితే నీ ఇష్టం పిల్లా. పంపుకో. ముసలిదాన్ని, నన్నేం చేస్తారు" అని ఇంకో కాయ అందుకుంది.

నాకు ఆవిడ మీద కోపం రావలసింది, రాలేదు. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి కాగితం మీదా కలం పెట్టే ముందు నేను అడిగిన ప్రశ్న కూడా అదే. నీకేం ఇబ్బంది లేదు కదా ఎవేలియో అనేదాన్ని. ఏం లేదు బంగారం అనేవాడు. నాకేమవుతుందని ఒక్కసారి కూడా అడగలేదు. నేనైతే లా చదివినదాన్ని, ఆవిడ నాలుగో తరగతి. మా ఇద్దరికీ తేడా ఏమీ కనపడలేదు.

పదిన్నర అయింది. సీటు మీద ఆశ వదిలేసుకున్నాను. అది వదిలేశాక రాయడం తేలికైంది. రాస్తున్నంతసేపూ వెనకనుంచి కందిగింజలు గిన్నెలో పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, నేను తిరిగి ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఎందుకంటే ఆ ఉత్తరాన్ని నేను నా పేరుతో మొదలుపెట్టలేదు. మొదటి వాక్యంలోనే మా ఆయన పేరు రాశాను, రెండు ఇంటిపేర్లతో సహా. ఆ కంపెనీల పక్కన ఆ పేరు కాగితం మీదికి ఎక్కడం అదే మొదటిసారి.