వినికిడి సాధారణం

పిండిమిల్లులో బస్తాల మూతులు కుట్టేటప్పుడు అందరూ మిలట్రీ అని పిలిచే ముసలాయన ఎప్పుడూ గోడకు వీపు ఆనించే కూర్చుంటాడు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ముఖాలతో సహా కనిపించాలి. కుట్టు వైపు చూడనక్కర్లేదు, దబ్బనం దాని దారిన అది పోతుంది. మిల్లు నడుస్తున్నంతసేపూ అక్కడ ఒకరి మాట ఒకరికి వినపడదు. కొత్తవాళ్ళు గొంతు చించుకుంటారు, పాతవాళ్ళు చేతులు తిప్పుతారు. మిలట్రీకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఆ చివర నిలబడి యజమాని నోట్లో గొణుక్కున్న తిట్టు కూడా అందుకుని ఇక్కడ నవ్వుతాడు. వీడివి పాము చెవులని యజమాని అందరికీ చెబుతుంటాడు.

నిజానికి ఆ చెవులు పనిచేయడం మానేసి చాలాకాలమైంది. అతను సైన్యంలో ఫిరంగి దళంలో పనిచేశాడు. ఫిరంగి పేలుతుంటే ఎవరి మాటా ఎవరికీ చేరదు కనుక, పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం అక్కడ అందరికీ వచ్చిన విద్యే. ఇంటికి వచ్చాక మిగతావాళ్ళకు ఆ విద్యతో పని లేకపోయింది. ఇతనికి అదొక్కటే మిగిలింది. ఎడమ చెవిలో ఏమీ లేదు. కుడి చెవిలో సన్నని ఈల ఒకటి, నిద్రలో కూడా ఆగదు.

ఆ రోజు, సైన్యం వల్లే చెవులు పోయాయా అని తేల్చే మెడికల్ బోర్డు ఉంది. సగంపూట సెలవు అడిగితే, ఇంత మంచి చెవులున్నవాడికి చెవి పరీక్ష ఏమిటని పదిమందినీ నవ్వించి మరీ ఇచ్చాడు యజమాని. భార్య ఇస్త్రీ చొక్కా పట్టుకుని మిల్లు దగ్గరికే వచ్చింది. వెనక కుళాయి దగ్గర నిలబెట్టి, కళ్ళజోడు తీయించి, కనుబొమ్మల్లో పిండి పోయేదాకా ముఖం కడిగించింది. దారి పొడుగునా ఒకటే పాఠం.

"లోపలికెళ్ళాక నేల చూడండి. డాక్టర్ ముఖం చూశారో, మన పని అయిపోయినట్టే. వినపడకపోతే వినపడలేదని చెప్పండి. అందులో సిగ్గేముంది?"

తలూపాడు. ఆ మాటలు కూడా ఆమె పెదవులు చూసే విన్నాడు. దారి చూసుకోక రెండుసార్లు తూలాడు.

ఇది మూడో బోర్డు. మొదటిదాంట్లో డాక్టరు ఎదురుగా కూర్చుని పేరూ వయసూ పిల్లల సంగతీ అడిగాడు. మిలట్రీ తడుముకోకుండా చెప్పాడు. 'వినికిడి సాధారణం' అని కాగితం వచ్చింది. అప్పీలు పెడితే రెండో బోర్డు చెవులు పోయాయని ఒప్పుకుంది గానీ, ఆ పాపం మిల్లు చప్పుడుదని తేల్చింది. ఫిరంగి మీద ఈగ వాలనివ్వలేదు. మళ్ళీ అప్పీలు పెడితే, కాల్పులు జరిగిన రోజు అతని పక్కనున్న మనిషి చేత సాక్ష్యం రాయించి తెమ్మన్నారు. ఆ మనిషి మట్టిలో కలిసి ముప్పై ఏళ్ళు దాటిందని రాసి పంపితే, సదరు సాక్షి మరణ ధ్రువీకరణ పత్రం జతచేయలేదని తిప్పి పంపారు. ఆ ముక్క రాసినవాడెవడో గానీ ఆ రాత్రి హాయిగానే నిద్రపోయి ఉంటాడు. భార్య కాళ్ళరిగేలా తిరగగా తిరగగా ఈ మూడోది దొరికింది. ఇదే ఆఖరిదని ముందే చెప్పారు.

ఆ పక్కనున్న మనిషిని మిలట్రీ బావా అనేవాడు, అతనూ ఇతన్ని బావా అనేవాడు. చుట్టరికమేమీ లేదు. నా చెల్లెల్ని నీకిచ్చి చేస్తానని అతనే వరస కలిపాడు. అతనికి అసలు చెల్లెలే లేదని ఏడాది తర్వాత తెలిసింది. కాల్పుల రోజు మిలట్రీ అటు తిరిగి ఫిరంగికి గుండ్లు అందిస్తున్నాడు. వెనకాల బావ పడిపోయాడు. కాల్పులు ఆగాక తిరిగి చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి, పెదవులు కదలడం లేదు. అవతలి గుంటలోంచి చూసినవాడు, బావ నిన్నే పిలిచాడనీ, చాలాసేపు పిలిచాడనీ చెప్పాడు. ఆ చెప్పినవాడూ ఆ వారమే పోయాడు.

అప్పటినుంచీ ఎవరు మాట్లాడుతున్నా మిలట్రీ వాళ్ళ ముఖం మీదినుంచి చూపు తిప్పలేడు. తిప్పితే వాళ్ళకేదో అయిపోతుందని భయం. భార్య కోరేది సైనిక ఆసుపత్రిలో వైద్యం, చెవికి మంచి మిషను. అతను కోరేది వేరు. బావ పిలిచిన ఆ రోజు ఇతనికి వినపడలేదని ఎవరో ఒకరు ముద్ర వేసి చెప్పాలి. వినికిడి సాధారణం అంటే, విని కూడా వెనక్కి తిరగలేదన్నట్టే కదా. ఈ మాట భార్యతో ఎన్నడూ అనలేదు.

బోర్డు గదిలో చెవులకు తగిలించే యంత్రం పాడై మూలన పడి ఉంది. పరీక్ష నోటితోనే. చిన్న వయసు డాక్టరమ్మ, జలుబు చేసినట్టుంది, ముఖానికి నీలం మాస్కు కట్టుకుంది. తలుపు సందులోంచి ఆ మాస్కు చూసి భార్య మనసులోనే చేతులు జోడించింది. ఇక ఈయన చూద్దామన్నా చూడడానికేమీ లేదు.

మిలట్రీ నిటారుగా నిలబడ్డాడు. కూర్చోమని ఆమె చేయి చూపిస్తే కూర్చున్నాడు. చెప్పినట్టే నేల చూశాడు. గచ్చు మీద చిన్న పగులు, దాంట్లో ఒక చీమ. చెవిలో ఈల. ఆమె నీడ కదిలింది. ఏదో అడుగుతోంది. మళ్ళీ అడుగుతోంది. ఎవరో పిలుస్తున్నారు, తను చూడడం లేదు. ఇక పట్టలేక తలెత్తాడు. నీలం గుడ్డ వెనక నోరు కదులుతోంది, మాట లేదు.

"డాక్టరమ్మా, ఆ మాస్కు తీయండి" అన్నాడు. "మీకు దణ్ణం పెడతాను, తీయండి. మీకేమైనా అయితే నాకు తెలియదు."

ముసలాయన దేనికో హడలిపోయాడని ఆమెకు జాలేసింది. మాస్కు కిందికి లాగి నవ్వింది.

"నాకేం కాలేదండీ. చెప్పండి, ఎప్పట్నుంచి ఇలా?"

ఆ పెదవులు కనపడగానే ప్రాణం లేచొచ్చింది. అడిగినవన్నీ చెప్పాడు. గుసగుసగా అన్న మాటల్ని కూడా వరసగా అప్పజెప్పాడు. ఆమెకు అనుమానం రాలేదని కాదు. ఒకసారి కలం ఆపి అతని కళ్ళలోకి చూసింది. బయట వరస పొడుగ్గా ఉంది. రాయడం మొదలుపెట్టింది.

మెట్ల మీద భార్య ఏం రాశారని అడిగింది. వినపడుతుందట, అన్నాడు. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని ఏదో అంది, పెదవులు చూడనివ్వలేదు. కాసేపటికి ఇటు తిరిగి, అతని కాలరు సరిచేసి, సాయంత్రం తొందరగా వచ్చేయమని మాత్రం చెప్పింది. ఆమెకు కోపం రానందుకు అతనికి ఏడుపొచ్చింది.

మిల్లుకొచ్చి చొక్కా మార్చుకుని తన చోట కూర్చున్నాడు. ఛాతీలో బరువుగా ఉంది. ఉదయం నుంచీ అలాగే ఉంది, చెబితే బోర్డు తప్పిపోతుందని చెప్పలేదు. ఒక మూతి కుట్టాడు. రెండోది పట్టుకున్నాడు. అప్పుడు ఈల ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఏమిటో అతనికి వెంటనే అర్థం కాలేదు. తిరగలి రాళ్ళు తిరుగుతూనే ఉన్నాయి, పట్టా ఆడుతూనే ఉంది, చప్పుడు లేదు. వెనకనుంచి, గోడ తప్ప ఏమీ లేని చోటునుంచి, ఎవరో బావా అని పిలిచారు. స్పష్టంగా వినపడింది. ఇక వెనక్కి తిరిగే పనేముంది?

"ఆఁ బావా, వినపడింది" అన్నాడు మిలట్రీ.

ఎదురుగా బస్తా ఎత్తుకుంటున్న హమాలీ అతని పెదవులు కదలడం చూశాడు. బస్తాలు లెక్కపెట్టుకుంటున్నాడనుకుని తన దారిన తను పోయాడు.

పొద్దుగూకి మిల్లు ఆపేదాకా ఎవరికీ తెలియలేదు. భార్య వచ్చేసరికి అతన్ని ఖాళీ సంచుల మీద పడుకోబెట్టారు. అతని కళ్ళు మూయబోతున్న యజమానిని ఆమె ఆపింది. ముందుకొచ్చి, ముఖానికి ఎదురుగా కూర్చుని, పెదవులు బాగా కదిలేలా ఏమండీ అంది. మరోసారి అంది. మిల్లు ఆగి ఉండడంతో ఆ మాట ఆ చివరనున్నవాళ్ళకు కూడా వినపడింది. తర్వాత ఆమే అతని కళ్ళు మూసింది.

అతన్ని తీసుకెళ్ళాక, గోడ పక్కన అతను కూర్చున్నచోట అతని కళ్ళజోడు కనిపించింది. ఒక కాడకు గోనెదారం చుట్టి ఉంది, అద్దాల మీద సన్నగా పిండి పడి ఉంది.