లేవి కాఫీ ప్రార్థన

వెయ్యి అబద్ధాలు ఆడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. లేవి వాళ్లమ్మ రెజీనా అన్ని ఆడలేదు పాపం, ఒక్కటే ఆడింది. కర్నూలు నుంచి సంబంధం మాట్లాడడానికి ఆత్మకూరు వచ్చినవాళ్లు, "మా పిల్ల ఒక్క మాటే అడిగి రమ్మనింది. మీ పిల్లోడు కాఫీ తాగుతాడా?" అన్నారు. రెజీనా రెప్ప కూడా వేయకుండా, "కాఫీ అంటే మావోడికి ప్రాణం మా!" అనేసింది.

ఆ సమయంలో ఆమె కొడుకు పక్కగదిలో కూర్చుని టీ తాగుతున్నాడు.

లేవికి కాఫీ పడదు. చిన్నప్పుడు జ్వరమొస్తే వాళ్ల తాత ప్రకాశం, మాత్ర నలిపి కాఫీలో కలిపి, ముక్కు మూసి గొంతులో పోసేవాడు. అప్పటి నుంచి కాఫీ నోట్లో పడితే చాలు, నాలుక ముడుచుకుని వెనక్కి పోతుంది. వాసన మాత్రం శుభ్రంగా ఇష్టమే. కాఫీ కాచే ఇంటి ముందు ఆగి, ఒకసారి గట్టిగా పీల్చుకుని మరీ వెళ్లే రకం.

మరి అప్పుడే తలుపు తీసుకుని బయటికొచ్చి నిజం చెప్పొచ్చు కదా? చెప్పలేకపోయాడు. ఎందుకంటే అడిగిన పిల్ల జీవిత. కర్నూలులో ఒక పెళ్లిలో ఆమెను చూశాడు. గాయక బృందంలో నిలబడి పాడుతూ పాడుతూ, కీబోర్డు వాయించేవాడు తొందరపడితే పాట మధ్యలోనే చేయి పైకెత్తి, "ఏమప్పా, బస్సు పోతాందా నీకు?" అంది. చర్చి మొత్తం నవ్వింది. లేవి మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల లేకపోతే తన బతుకు వట్టిదే అని అక్కడే, ఆ బెంచీ మీదే తేల్చేసుకున్నాడు. పొలాల్లో సోలార్ పంపులు బిగించే మనిషి, ఎండలో పలకలు ఎక్కిస్తూ కూడా ఆ పాటే పాడుకునేవాడు.

జీవితకు కర్నూలులో మెడికల్ కాలేజీ దగ్గర ఒక దుకాణం పెట్టాలని పట్టుదల. పచ్చి కాఫీ గింజలు తెచ్చి, అక్కడే వేయించి అమ్మే దుకాణం. మొదలుపెట్టే ముందు హైదరాబాదులో అలాంటి దుకాణాలన్నీ ఒక రోజు తిరిగి చూడాలనుకుంది. "ఆ అబ్బాయినీ రమ్మనండి. తిరిగొచ్చే లోపల నా మాట చెప్పేస్తా" అని పెద్దలకు కబురు పంపింది. ఆడపిల్లను ఒంటరిగా పంపుతారా! తోడుగా వాళ్ల పెద్దమ్మ కృపమణి బయలుదేరింది.

పొద్దున బస్సు దిగి మొదటి దుకాణంలో అడుగు పెట్టేసరికి లేవికి ఒళ్లు పులకరించింది. గాజు సీసాల నిండా గింజలు. ఒకటి చిక్కమగళూరు, ఒకటి అరకు, ఇంకొకటి ఎక్కడో ఆఫ్రికా. వాసన గది నిండా కమ్ముకుని ఉంది. ఒకామె కెటిల్‌ను తిప్పుతూ, సన్నటి ధారగా పొడి మీద వేడినీళ్లు పోస్తోంది. "దీంట్లో నారింజ తొక్క, బెల్లం, మల్లెపూలు తగుల్తాయి" అని చెప్పింది.

"బెల్లం కావాలంటే బెల్లమే తినొచ్చు గదా మా" అంది కృపమణి. "నాకొద్దు, మీరు తాగండి."

రెండు కప్పులు వచ్చాయి. లేవి ఏం చేయాలో తోచక చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. కళ్లు మూసి స్తుతించకుండా ఏదీ నోట్లో పెట్టకూడదని లేవికి తాత నేర్పాడు. తాత చెప్పింది ఇంత, మనవడు పట్టుకుంది కొండంత. పండించినవాళ్లకు, కోసినవాళ్లకు, మోసిన లారీకి, వండిన పొయ్యికి, అందరికీ అందులో చోటుండాల్సిందే. విందుల్లో అతన్ని ప్రార్థన చేయమంటే వంటవాళ్లు బిర్యానీ దేగిశా మీద మళ్లీ మూత పెట్టుకునేవాళ్లు.

ఆ రోజు కూడా అందరినీ తలుచుకున్నాడు. చివర్లో భయం ఆగక, "తండ్రీ, ఈ గిన్నె తప్పించు" అని గొణిగాడు. సిలువకు ముందు యేసు అన్న అంత పెద్ద మాట ఇంత చిన్న కప్పుకు వాడినందుకు తాత వింటే వీపు పగలగొట్టేవాడు. ఆమెన్ అని కళ్లు తెరిచాడు.

కప్పు ఖాళీ!

పక్కన కృపమణి కొంగుతో మూతి తుడుచుకుంటోంది. ఎదురుగా జీవిత సీసాల వైపు చూస్తోంది. లేవికి విషయం అర్థమైపోయింది. మొహమాటానికి వద్దని, తను కళ్లు మూయగానే ఈ పెద్దామె గుటుక్కున తాగేసింది. దేవుడు ఎవరి చేత ఏ పని చేయిస్తాడో! కృతజ్ఞతతో ఆమెకు ఒక కేకు ముక్క తెప్పించాడు.

రెండో దుకాణం. ప్రార్థన కాస్త పెద్దది చేశాడు. కప్పు ఖాళీ. కృపమణికి ఇంకో కేకు. మూడో దుకాణంలో ఎస్ప్రెస్సో అని చెంచాడంత కాఫీ ఇచ్చి, "చల్లారకముందే తాగేయాలి సార్" అన్నాడు కాఫీ కలిపే గడ్డపతను. లేవి ఆఫ్రికా రైతుల దగ్గర మొదలుపెట్టాడు. గడ్డపతను మూడుసార్లు దగ్గాడు. కళ్లు తెరిచేసరికి ఆ చెంచాడు కూడా లేదు.

"శానా బాగుండాది" అన్నాడు లేవి, ఖాళీ కప్పును మెచ్చుకుంటూ.

ఇక భయం పోయింది. ప్రార్థించడం, కేకు తెప్పించడం, మరో దుకాణానికి నడవడం. మధ్యాహ్నానికి జీవిత మాట కూడా మారింది. పొద్దున "మీరు" అన్న పిల్ల "నువ్వు" అంటోంది. ఆటోలో ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడుతోంది. దుకాణానికి ఏ రంగు వేయాలి, గింజలు ఎంతసేపు వేయించాలి, హైదరాబాదులో ఇన్ని ఫ్లైఓవర్లు ఎందుకు, కీబోర్డు వాయించే ఉమామహేశ్‌కు తాళం ఎందుకు తెలీదు, అన్నీ ఒకే గుక్కలో. చెప్తూ చెప్తూ తనే పగలబడి నవ్వుతోంది. వేళ్లు వణుకుతున్నాయి. కళ్లు మెరుస్తున్నాయి. ఇదంతా నా మీద ఇష్టమే అనుకుని లేవి గాలిలో తేలిపోయాడు. సిగ్నల్ దగ్గర ఆటో ఆగితే, దిగి గంతులేయాలనిపించింది. అన్ని కాఫీలు తాగిన కృపమణి మాత్రం మూలకు ఒరిగి గుర్రు పెడుతోంది. ఏం గట్టి మనిషో అని ఆశ్చర్యపోయాడు.

చివరిది సైనిక్‌పురిలో. అక్కడ పెద్ద యంత్రం గిరగిరా తిరుగుతూ గింజల్ని వేయిస్తోంది. పెనం మీద వేరుశనగ గింజల్లా లోపల చిటపటమంటున్నాయి. కృపమణి గోనెసంచుల పక్కన కుర్చీ చూసుకుని వెంటనే కునుకు తీసింది. బల్ల మీద వరసగా నాలుగు కప్పులు పెట్టారు.

"కర్నూలుకు వీటిల్లో ఒకటి తీసుకపోదాం" అంది జీవిత. "ఏదో నువ్వే చెప్పు. నువ్వు ఏది బాగుందంటే అదే నా దుకాణం కాఫీ."

లేవి కృపమణి వైపు చూశాడు. ఆమె నిద్రలో ఉంది. ప్రార్థించినా తాగే దిక్కు లేదు. ఏదో ఒక కప్పు వైపు వేలు చూపిస్తే సరిపోతుంది, కానీ ఆ వేలు లేవడం లేదు. ఈ పిల్ల ఏళ్ల తరబడి కన్న కలను తన అబద్ధం మీద కట్టుకోబోతోంది. నిజం చెప్తే ఈ రోజే, ఇక్కడే తనను వదిలేసి పోతుంది. కళ్లు మూసుకున్నాడు. ఈసారి రైతులూ లేరు, లారీలూ లేవు. "ధైర్యమియ్యి" అన్నాడంతే.

"జీవితా, నాకు కాఫీ పడదు. మా అమ్మ అబద్ధం చెప్పె. నేను నోరు మూసుకుని దాన్ని మోసుకొస్తి. పొద్దున్నుంచి ఒక్క చుక్క తాగలే. అన్నీ మీ పెద్దమ్మే తాగింది."

కృపమణి ఉలిక్కిపడి లేచింది. "ఎవురు, నేనా? బీపీ వచ్చినప్పటి నుంచి కాఫీ ముట్టింటే ఒట్టు! నీళ్లు తాగితి, నువ్వు పెట్టిస్తాంటివి గదా నాయనా, కేకులు మాత్రం తింటి."

లేవి నోరు తెరిచి జీవిత వైపు తిరిగాడు. ఆమె గోనెసంచి పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వుతోంది.

"నేనే తాగినా. మొదటి దుకాణంలోనే ఇనబడె నీ ప్రార్థన. గిన్నె తప్పించమని దేవుణ్ణి అంతగా బతిమాలుకుంటాంటే జాలేసింది. తప్పిస్తి."

"అప్పుడే అడగొచ్చు గదా?"

"నువ్వే చెప్తావేమోనని చూస్తాంటి. ప్రతి దుకాణంలో చూస్తి. నువ్వు చెప్పవు, నాకు తాగేది తప్పదు. గుండె ఎట్ల కొట్టుకుంటాందో తెలుసా? ఇంకొక దుకాణముంటే నేరుగా ఆస్పత్రికే!" చటుక్కున నవ్వు ఆపి అడిగింది. "వాసన పడతాదా నీకు? అదొకటి చెప్పు. దినమంతా గింజలు వేయించి వస్తే నా తలలో, బట్టల్లో అదే ఉంటాది. అది ఓర్చుకోలేనోడు నాతో ఉండలేడని కాఫీ సంగతి అడిగించినా."

"వాసనంటే ప్రాణం" అన్నాడు లేవి. వాళ్లమ్మ అబద్ధంలో ఆ సగం మాత్రం నిజం.

జీవిత తనకు నచ్చిన గింజలే ఒక పొట్లం కట్టించుకుని, "పాండి, టీ తాగుదాం. పొద్దున్నుంచి ఈ మనిషి నోట్లో ఏమీ పడలే" అంది.

బస్టాండు దగ్గర ఇరానీ హోటల్లో లేవి ముందు, కృపమణి ముందు టీలు పెట్టారు. జీవిత నీళ్లు చాలంది. లేవి కళ్లు మూసుకున్నాడు. ఈసారి గొణగలేదు, పక్క బల్లవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు.

"తండ్రీ, ఈ టీకి స్తోత్రం. ఇంకొకటి అడుగుతాండా. ఈ పిల్ల నన్ను చేసుకునేటట్ల చూడు."

"ఆమెన్" అంది కృపమణి.

"నువ్వు కాదు పెద్దమ్మా, ఉండు" అంది జీవిత.

లేవి కళ్లు తెరవలేదు. హోటల్లో కప్పులు, సాసర్లు గలగలమంటున్నాయి. అతని గుండె వాటికంటే ఎక్కువ చప్పుడు చేస్తోంది.

"ఆమెన్" అంది జీవిత.

కళ్లు తెరిచాడు. టీ ఎవరూ ముట్టలేదు, ఇంకా పొగలు కక్కుతోంది. పొద్దున్నుంచి ఆంటీ అని పిలిచిన కృపమణి వైపు తిరిగి, "అత్తా, ఇంకో కేకు చెప్పమంటావా?" అని అడిగాడు.