ఉబ్బెత్తు పూల బొంత

నేను ఒక బొంతను. మెత్తదనంలో పరుపు నాకంటే గొప్పదే కావచ్చు, పరువులో మాత్రం నేనే గొప్ప. పరుపును దుకాణంలో కొనుక్కొస్తారు, నన్ను ఒళ్లో వేసుకుని కుడతారు.

పామర్రులో నాంచారమ్మగారి పంచలో పుట్టాను. ఆవిడ తన పాత చీరలు పొరలుగా పరిచి, ఈ చివర నుంచి ఆ చివరకు వరసకుట్టు వేసుకుంటూ పోయేది. మధ్యమధ్య సూది ఆవిడ వేలిని కూడా కుట్టేది. సూదికీ చీమకీ చుట్టరికం ఉందని నా అనుమానం. పొర మీద పొర చేరుతుంటే నాకు మత్తుగా ఉండేది. చీరలన్నీ తమ పాత కలలు ఒకదాని చెవిలో ఒకటి చెప్పుకునేవి.

నన్ను కుట్టింది కోడలు హైమవతి కడుపులోని బిడ్డ కోసం. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది: బిడ్డ మొదటి బొంతలో నాయనమ్మ చీరా ఉండాలి, అమ్మమ్మ చీరా ఉండాలి. ఈ బిడ్డకు అమ్మమ్మ లేదు. ఆవిడ వదిలి వెళ్లిన నీలం నేత చీర ఒక్కటే ఉంది. మడత విప్పితే పిగిలిపోయే వయసు దానిది. పొరగా వేస్తే మొదటి కుట్టుకే చీలికలవుతుంది.

అప్పుడు హైమ కుట్టు సెంటర్లో నేర్చుకున్న విద్య బయటికి తీసింది. ఆ చీరను రేకులుగా కత్తిరించి, ప్రతి రేకు వెనకా గట్టి గుడ్డ వేసి, అంచు లోపలికి మడిచి, మధ్యలో దూది కూరి, నా మీద నిలబెట్టి కుట్టింది. గొలుసుకుట్టుతో కాడలు, ముడికుట్టుతో పుప్పొడి. చీర చిరగలేదు, పూసింది. ఒళ్లంతా పూలు పూసేసరికి నాకు పూనకం వచ్చినంత పనైంది.

పాప పుట్టింది. నా మీద పడుకోబెట్టగానే కెవ్వుమంది. ఎత్తి చూస్తే బుగ్గ మీద పువ్వు అచ్చు!

“ఏంటే హైమా ఇది? బొంతా, బజ్జీలు పరిచిన పళ్లెమా?” అంది నాంచారమ్మ. “ఆ పూలు ఊడదీసెయ్. సాపుగా ఉండాలి.”

“ఊడదీస్తే ఆ గుడ్డ మిగలదత్తయ్యా.”

“పిల్ల నిద్ర ముఖ్యమా, నీ పూలు ముఖ్యమా?”

హైమ పాపను భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అత్తగారు బ్లేడు తీసుకుని కూర్చుంది. దారమే కదా నాకు ఆధారం, అది తెగుతుంటే కళ్లు తిరిగాయి. బొంతకు కళ్లెక్కడివంటారా? అన్ని పూలు పెట్టుకున్నదానికి ఆ మాత్రం ఉండవా! ఆవిడ ఒక రేకు విప్పి, లోపలికి మడిచిన అంచును వేలితో తాకింది. అది పొడిపొడిగా రాలింది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

“ఏమే, మీ అమ్మ చీర ఇంత పలచబడిందా? చెప్పొద్దూ!”

“ఇంత నలిగిన గుడ్డ పిల్లకెందుకంటారని చెప్పలేదు,” లోపలి నుంచే అంది హైమ.

నాంచారమ్మ బ్లేడు పక్కన పెట్టేసింది. “పిచ్చిదానా, పరిచే బొంత కాదిది, కప్పే బొంత! ఇటు తే పిల్లని.”

పాప కింద మెత్తటి పాత చీర వేసి, పూలు పైకప్పును చూసేలా నన్ను పైన కప్పింది. విప్పిన రేకును తనే కుట్టింది, తనకొచ్చిన వరసకుట్టుతోనే.

“అది పువ్వా అత్తయ్యా, బెండకాయా?”

“బెండకాయకి మాత్రం పువ్వుండదటే? కుట్టనీ!”

పాప నిద్రపోయింది. పిడికిట్లో ఒక రేకు ఉంది.

ఆ పిడికిలి ఆ తర్వాత ఎన్నాళ్లకీ నన్ను వదల్లేదు. నిద్ర రావాలంటే రేకు పట్టుకోవాల్సిందే, వేళ్లతో రుద్దాల్సిందే. ఒక పువ్వు అరిగితే ఇంకో పువ్వు. నీలం కొంచెం కొంచెంగా ఎటో వెళ్లిపోయింది. పాప బడికి వెళ్లే వయసు వచ్చేసరికి నా మీద వెనకేసిన గుడ్డా, పుప్పొడి ముడులూ మిగిలాయి, పూలు లేవు.

“బోసిగా ఉందే, కొత్త గుడ్డతో మళ్లీ పూలు వెయ్యరాదూ?” అంది నాంచారమ్మ మొన్న.

హైమ నన్ను అరచేత్తో నిమిరింది. “వద్దత్తయ్యా. మా అమ్మంతా పిల్ల వేళ్లలోకే వెళ్లిపోయింది.”

పిల్ల నా కింద నిద్రపోతోంది. నిద్రలో కూడా వేళ్లు కదుపుతూనే ఉంది.